కెటిల్ పిడికి రెండో సగం

ఆ ఇంట్లో వస్తువులకు కాళ్లు వచ్చాయని మొదట కనిపెట్టినది అత్తగారు. సోమవారం సబ్బుపెట్టె మాయమైంది. బుధవారం దువ్వెన కనిపించలేదు. శుక్రవారం నాడు ఇస్త్రీపెట్టె కూడా లేచి వెళ్లిపోయేసరికి ఆవిడ ఇక ఓర్చుకోలేక, గుమ్మానికి అడ్డంగా నిలబడి కోడలిని నిలదీసింది.

"ఏమే అమ్మాయ్, నా సబ్బుపెట్టె ఎక్కడ?"

"కంప్యూటర్‌లో ఉంది అత్తయ్యా."

"అందులో ఏం చేస్తోంది?"

"ఇంకా సగమే అయింది. మూత రేపు చేస్తాను."

"సబ్బుపెట్టెకి మూత లేదే!"

"నేను పెడుతున్నాను. అభ్యాసం కోసం."

బస్సు నడిపి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్న కొడుకు ఈ సంభాషణను ఆసక్తిగా విన్నాడు. "అమ్మా, జాగ్రత్తగా ఉండు," అన్నాడు. "ఈ వారం ఇస్త్రీపెట్టె, వచ్చే వారం నీ కళ్లజోడు, ఆ పై వారం నువ్వూ."

"నన్ను చెయ్యడం దాని తరం కాదులే," అంది అత్తగారు, దారి ఇస్తూ. "నాలో వంకరలు ఎక్కువ."

కోడలిని ఫ్యాక్టరీలో అందరూ మెరుగక్క అని పిలిచేవారు. గృహోపకరణాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె ఇరవై రెండేళ్లపాటు అచ్చులకు మెరుగు పట్టింది. వేడి ప్లాస్టిక్‌ను పోసే ఆ ఉక్కు అచ్చులను ఉప్పు కాగితంతో రుద్ది, నూనె రాసి, మళ్లీ రుద్ది, ట్యూబులైటు కింద వంచి చూసి, వెలుగు ఎక్కడ తొణికిందో అక్కడ మళ్లీ రుద్దేది. కంటికి కనిపించని ఎగుడుదిగుడులు ఆమె చూపుడువేలికి తెలిసేవి. అలాంటి పనిని ఒక ఉదయం గోడమీద అంటించిన కాగితం ముక్క రద్దుచేసింది. మెరుగు పట్టే యంత్రం వస్తున్నది, నెలాఖరుకు మెరుగు గది మూతపడుతుంది, అందులోనివారు ప్యాకింగ్ విభాగానికి మారాలి. డ్రాయింగు గదిలో మాత్రం ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది, కంప్యూటర్‌మీద ఆకృతులు తయారుచేసే పరీక్షలో నెగ్గినవారికి అది దక్కుతుంది.

అట్టపెట్టెలు మడవడంలో అవమానమేమీ లేదు. కానీ ఇరవై రెండేళ్లు వేళ్లు కూడబెట్టుకున్న విద్యను ఒక్క ఉదయంలో చెత్తబుట్టలో వేయమనడం న్యాయం కాదని మెరుగక్క అనుకుంది. అనుకుని ఊరుకోలేదు. పరీక్షకు పేరు ఇచ్చింది. అప్పటికి ఆమెకు మౌస్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు.

డ్రాయింగు గదిలో పనిచేసే ఒక యువకుడు పని ముగిశాక రోజూ ఒక గంట పాఠం చెప్పేవాడు. అతని పద్ధతి ఒక్కటే. "లేనిదాన్ని ఊహించకండి. ఉన్నదాన్ని తిరిగి చెయ్యండి. ఇంట్లోంచి ఒక్కో వస్తువు తెండి, కొలవండి, దాన్నే స్క్రీన్‌మీద మళ్లీ పుట్టించండి." సబ్బుపెట్టె, దువ్వెన, ఇస్త్రీపెట్టె ఇల్లు విడిచి వెళ్లిన కారణం ఇది. ఆమెతోపాటు పాఠానికి వచ్చే గోదాము గుమాస్తా ఉడికించిన కోడిగుడ్డు తెచ్చాడు. మరునాడు గుడ్డు ఎక్కడని మాస్టారు అడిగితే, "కొలతలు తీసుకునేసరికి ఆకలేసింది మాస్టారూ," అని తల దించుకున్నాడు.

ఆ యువకుడికి చారల మాస్టారు అనే పేరు పడింది. ఎవరు ఏది చేసి చూపించినా అతడు బాగుందని గానీ బాగాలేదని గానీ అనడు. "చారలు వెయ్యండి," అంటాడు. ఒక మీట నొక్కితే స్క్రీన్‌మీది వస్తువంతటా నలుపు తెలుపు చారలు పరుచుకుంటాయి. రెండు ఉపరితలాలు సవ్యంగా కలిస్తే చారలు ఒకదానిమీదనుంచి రెండోదానిమీదకు నీటిలా జారుతాయి. కలయికలో దొంగతనం ఉంటే అక్కడ విరిగి, మెలిపడి, దొంగను పట్టిస్తాయి. సబ్బుపెట్టె మూలల్లో మెరుగక్క చారలు మొదటిరోజు చిక్కుపడిన నూలులా కనిపించాయి.

ఆమె కాసేపు వాటినే చూసి, ఉన్నట్టుండి నవ్వింది. "మాస్టారూ, ఇది నా ట్యూబులైటే కదా!"

"ఏమిటక్కా?"

"అచ్చును లైటు కింద వంచితే వెలుగు గీత పారుతుంది. గతుకు ఉన్నచోట ఆగుతుంది. ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్నది ఇదే. మీరు దానికి గళ్ల చొక్కా తొడిగారు, అంతే."

"గళ్లు కాదక్కా, చారలు," అన్నాడు మాస్టారు, కొంచెం నొచ్చుకుని. కానీ ఆ రోజునుంచి ఆమె పక్కన మరో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

అతడు నేర్పిన మరో కిటుకు మిర్రర్. వస్తువును నిలువునా రెండుగా ఊహించుకుని, ఒక సగమే శ్రద్ధగా చేసి, మీట నొక్కితే రెండో సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా కంప్యూటరే చేసిపెడుతుంది. "ప్రపంచంలో సగం పని ఈ మీటే చేస్తుంది," అన్నాడు మాస్టారు. ఆ మాట విని గుమాస్తా కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్లూ గోదాములో ఆ మీట ఎందుకు పెట్టలేదని అడిగాడు.

పరీక్షకు వారం రోజుల ముందు డ్రాయింగు గది అధికారి పరీక్షా వస్తువును ప్రకటించాడు. అది ఆ ఫ్యాక్టరీకి పేరు తెచ్చిన పాత కెటిల్ పిడి. నలభై ఏళ్లుగా ఆ పిడిని పోసిన ఒకే ఒక్క అచ్చు అరిగిపోయింది. అధికారి తానే కంప్యూటర్‌మీద దాన్ని తిరిగి గీసి కొత్త అచ్చు చేయించాడు. ఎందువల్లనో గానీ కొత్త కెటిల్ కొన్నవారు దాన్ని తిరిగి పంపుతున్నారు. చేతిలో తిరిగిపోతోందని వారి ఫిర్యాదు. తప్పు పిడిది కాదు, కొన్నవారి చేతులదని అధికారి అభిప్రాయం.

పోటీకి నిలిచిన నలుగురికీ తలా ఒక పాత కెటిల్ ఇచ్చారు. మెరుగక్క దాన్ని ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టగానే అత్తగారు చేస్తున్న పని ఆపింది.

"ఇది నాది," అంది.

తల్లి, కొడుకు, కోడలు ముగ్గురి మధ్యా ఈ కథ పాతదే. పెళ్లికాక ముందు తాను ఆ ఫ్యాక్టరీలోనే చెక్క నమూనాల గదిలో పనిచేశానని, ఆ కెటిల్ పిడిని చెక్కినది తానేనని అత్తగారు ఏడాదికి రెండుసార్లయినా చెప్పేది. చెప్పినప్పుడల్లా కొడుకు భార్యవంక చూసి కన్ను గీటేవాడు. భార్య పెదవి బిగబట్టుకునేది. ఫ్యాక్టరీ ముందుగదిలో మొదటి కెటిల్ అద్దాలపెట్టెలో ఉన్నది. దాని కింద ఇత్తడి రేకుమీద 'రూపకర్త' అని, ఆనాటి ఫోర్‌మన్ పేరు స్పష్టంగా చెక్కి ఉన్నది. ఇత్తడిమీద ఉన్నమాటకు, వంటింట్లో విన్నమాటకు పోలిక ఏమిటి? మెరుగక్క ఏనాడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. న్యాయాన్యాయాలు తెలిసిన మనిషే, తన ఇంట్లో మాత్రం తూకం వేయడం మరిచిపోయింది.

"అవును అత్తయ్యా, మీదే," అంది ఆమె, చిన్నపిల్లను సముదాయించినట్టు. కొడుకు కన్ను గీటాడు.

"నీ కంటికి ఏమైనా జబ్బేమో చూపించుకోరా," అంది తల్లి. "పెళ్లయినప్పటినుంచి అలాగే కొట్టుకుంటోంది."

మెరుగక్క రెండు రోజుల్లో పిడి కుడి సగం పూర్తిచేసింది. కుడిపక్క నడుమ చిన్న ఉబ్బు ఒకటి వేలికి తగిలింది. అచ్చు అరుగుదలవల్ల ఏర్పడ్డ లోపమనుకుని, అలవాటుకొద్దీ దాన్ని స్క్రీన్‌మీద కూడా రుద్దినంత పని చేసి చదును పరిచింది. మిర్రర్ మీట నొక్కింది. చారలు వేసి చూస్తే, ఎంత చక్కగా జారాయంటే మాస్టారు నోట మొదటిసారిగా "బాగుందక్కా" అన్నమాట వచ్చింది.

"అసలు కెటిల్‌తో పోల్చి చూడవచ్చా?" అని అడిగింది ఆమె.

స్కానర్ కింద కెటిల్‌ను పెట్టి, దాని ఒళ్లంతా కొలిచి, ఆమె చేసిన పిడిని దానిమీద కప్పారు. సరిపోయినచోట పచ్చరంగు, ఆమె పిడి ఎత్తుగా ఉన్నచోట ఎరుపు, లోతుగా ఉన్నచోట నీలం వస్తుంది. కుడి సగం పచ్చగా ఉంది, నడుమ ఒక నీలిమచ్చ తప్ప. ఎడమ సగం పైన మాత్రం పెద్ద ఎర్రమచ్చ.

మాస్టారు తేలిగ్గా తీసుకున్నాడు. "పాత వస్తువు కదా, ఎక్కడో వంగి ఉంటుంది. మా అధికారి చేసిన మోడల్ కూడా అటూ ఇటూ సమానమే. పరీక్షలో మీ పిడిని పోల్చేది దానితోనే. మార్చకండక్కా, నెగ్గుతారు."

మెరుగక్క మిగతా ముగ్గురి బల్లలమీదనుంచి ముగ్గురి కెటిళ్లూ అడిగి తెచ్చుకుని, కళ్లు మూసుకుని ఒక్కొక్కదాని పిడినీ తడిమింది. నాలుగింటికీ ఎడమవైపు పైన, ఒకేచోట, ఒకేలాంటి పల్లం. నాలుగు కెటిళ్లు మాట్లాడుకుని ఒకే వైపుకు వంగవు కదా.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కూరగాయలు తరుగుతోంది. ఎప్పటిలాగే కత్తి ఎడమచేతిలో ఉంది, వంకాయ కుడి అరచేతిలో ఉంది. రోజూ చూసే దృశ్యమే. మెరుగక్క చెప్పులు విడవడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయింది.

"అత్తయ్యా, ఆ పిడి ఎలా చెక్కారు?"

అత్తగారు తల ఎత్తలేదు. "ఇలాగే. కత్తి ఎడమచేతిలో, చెక్క కుడిచేతిలో. కుడి అరచెయ్యి ఎక్కడ నొచ్చుకుంటే అక్కడ చెక్కాను. బొటనవేలికి చోటు కావాలంది, పైన ఎడమపక్క గోరు మందం తీశాను."

"ఇంకేమైనా చేశారా?"

"కుడిపక్క నడుమ అరచేతి గుంట బోసిగా ఉండిపోతుందని కాస్త ఉబ్బు వదిలాను. ఉందా, లేకపోతే మీరందరూ కలిసి రుద్ది రుద్ది తీసేశారా?"

నీలిమచ్చ సంగతి మెరుగక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె మెల్లగా వచ్చి అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది.

"అప్పుడే ఎందుకు అడగలేదు? మీ పేరు పెట్టమని?"

"అడక్కేం, అడిగాను. ఎడమచేత్తో చేసింది లెక్కలోకి రాదని ఫోర్‌మన్ నవ్వాడు. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు." ఆవిడ వంకాయ తొడిమను కొంచెం గట్టిగానే కోసింది. "తరువాత మీకు చెప్పాను. మీరూ నవ్వారు."

"తప్పు నాదే అత్తయ్యా."

"నీదొక్కదానిదే అని గొప్పలు పోకు. నా కొడుక్కి కూడా వాటా ఉంది. చెప్పులు బయట విడిచిరా."

మిగిలిన మూడు సాయంత్రాలూ ఆమె మిర్రర్ జోలికి పోలేదు. ఎడమ సగాన్ని వేరుగా, మొదటినుంచి, ఒక్కొక్క వంపునూ వేలితో అడిగి తెలుసుకుని కట్టింది. కుడి సగంలో తాను చదునుచేసిన ఉబ్బును మళ్లీ లేపింది. రెండు సగాలు కలిసేచోట చారలు పదేపదే విరిగాయి. విరిగిన ప్రతిసారీ విప్పి మళ్లీ కుట్టింది. మాస్టారు పక్క కుర్చీలో తల పట్టుకున్నాడు. "అక్కా, ఇది నిజమే కావచ్చు. కానీ అధికారి మోడల్‌తో పోలిస్తే ఎర్రగా వస్తుంది. ఉద్యోగం పోతుంది."

"నా ఉద్యోగం అబద్ధంమీద నిలబడాలా?"

"నేను అలా అనలేదు."

"అంటే ఊరుకోనుగా. ఇదిగో, ఈ చార ఎందుకు మెలిపడిందో చెప్పండి."

పరీక్షనాడు అధికారి నలుగురి పనినీ వరుసగా తన మోడల్‌మీద కప్పి చూశాడు. మిగతా ముగ్గురివీ పచ్చగా వచ్చాయి. వారిలో ఒకడైన గుమాస్తాది కూడా అక్కడక్కడ తప్ప పచ్చగానే వచ్చింది. మెరుగక్కది రాగానే ఎడమవైపు నీలం, కుడివైపు ఎరుపు గుప్పుమన్నాయి. అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది? మిర్రర్ నేర్పలేదా మీకు?"

"నేర్పారండి. తీసేశాను."

"అందుకే తప్పింది."

"తప్పింది నా పిడో మీ పిడో తేల్చడానికి మూడో సాక్షి ఉన్నాడు కదండీ," అంది మెరుగక్క, చేతిలోని పాత కెటిల్‌ను బల్లమీద పెట్టి. "దీన్ని అడగండి."

అధికారి మొండివాడే గానీ, కొలతను కాదనే మనిషి కాదు. స్కానర్ తెప్పించాడు. ముందు ఆమె పిడిని కప్పించాడు. ఈ చివరనుంచి ఆ చివరవరకు పచ్చగా ఉంది. తరువాత తనది కప్పించాడు. ఎడమ పైభాగంలో ఎర్రమచ్చ, కుడి నడుమ నీలిమచ్చ. అతడు పాత కెటిల్‌ను కుడిచేత్తో ఎత్తాడు, దించాడు. తాను చేయించిన కొత్త కెటిల్‌ను ఎత్తాడు. అది చేతిలో కాస్త పక్కకు తిరిగింది. మళ్లీ పాతదాన్ని ఎత్తి, బొటనవేలిని పల్లంలో పెట్టాడు.

"అయితే ఆ కెటిళ్లు తిప్పి పంపినవాళ్ల చేతులు మంచివేనన్నమాట," అన్నాడు చివరికి. మాస్టారు నవ్వు ఆపుకోవడానికి కిటికీవైపు తిరిగాడు. "ఉద్యోగం మీదేనమ్మా. ఫైలు భద్రపరిచి సంతకం పెట్టండి."

సంతకం దగ్గర ఒక వరస ఉంది. 'రూపకర్త' అన్న మాటకు ఎదురుగా ఫోర్‌మన్ పేరు, పాత ఫైలునుంచి కొత్త ఫైలుకు తనంతట తానే వచ్చి కూర్చుంది. మెరుగక్క కీబోర్డుమీదనుంచి చేతులు తీసేసింది.

"దీనికింద నేను సంతకం పెట్టలేనండి. దీన్ని చెక్కింది ఆయన కాదు. మా అత్తగారు."

అధికారి ఆమెవంక, మాస్టారివంక చూశాడు. పిడి చెక్కేటప్పుడు అత్తగారి కత్తి ఏ చేతిలో ఉండేదో, చెక్క ఏ చేతిలో ఉండేదో మెరుగక్క చెప్పింది. ముందుగది గోడమీది ఫోటోలో ఫోర్‌మన్ కుడిచేత్తో కలం పట్టుకున్న సంగతి గుర్తుచేసింది. కుడిచేత్తో చెక్కేవాడైతే చెక్క ఎడమ అరచేతిలో ఉండేదని, అప్పుడు ఆ పల్లం అవతలిపక్కకు వచ్చేదని చెప్పింది.

"తర్కం బాగానే ఉంది," అన్నాడు అధికారి. "కానీ ఇత్తడి రేకును తీయించాలంటే నాకు తర్కం చాలదు. కొలత కావాలి."

"రేపు తీసుకొస్తాను."

"కొలతనా?"

"అత్తగారిని."

మరునాడు అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, సంచిలో పొడుగాటి బట్టల సబ్బు కడ్డీ ఒకటి, కూరగాయల కత్తి ఒకటి పెట్టుకుని వచ్చింది. అద్దాలపెట్టెను దాటేటప్పుడు అటు చూడలేదు. డ్రాయింగు గదిలో కుర్చీ వేసి కూర్చోబెడితే, బల్లమీది కెటిల్‌ను దూరంగా తీసి పెట్టమంది. "చూసి చేస్తే నకలు అంటారు. నాకు చూడాల్సిన పని లేదు."

సబ్బు కుడిచేతిలోకి, కత్తి ఎడమచేతిలోకి వెళ్లాయి. తరుగు ఒడిలో రాలసాగింది. మధ్యమధ్య ఆవిడ కళ్లు మూసుకుని, సబ్బును అరచేతిలో నొక్కి, అది ఏమందో విని, మళ్లీ చెక్కింది. ముప్పావుగంటకు పిడి పట్టు భాగం తయారైంది. గోదాము గుమాస్తా తన పని మాని వచ్చి గుమ్మంలో నిలబడి, "మామ్మగారూ, మిర్రర్ లేకుండానే!" అని ముక్కున వేలేసుకున్నాడు.

"అద్దం చూసుకునే వయసు దాటిపోయింది నాయనా," అంది ఆవిడ.

మాస్టారు సబ్బును స్కానర్ కింద పెట్టాడు. స్క్రీన్‌మీద దాన్ని పాత పిడిమీద కప్పాడు. అక్కడక్కడ ఎరుపు, అక్కడక్కడ నీలం ఉన్నాయి. నలభై ఏళ్ల తరువాత జ్ఞాపకంతో చెక్కిన సబ్బు కదా. కానీ ఎడమ పైన బొటనవేలి పల్లం, కుడి నడుమ అరచేతి ఉబ్బు, ఆ రెండూ గడ్డి మొలిచినంత పచ్చగా ఉన్నాయి.

అధికారి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఫోర్‌మన్ పేరును చెరిపేశాడు. లేచి, మెరుగక్కకు కుర్చీ చూపించాడు. "ఇక ఈ ఫైలు మీది. మీరే రాయండి." తరువాత ముసలావిడవైపు తిరిగి, "రేకు ఈ వారంలో మారుతుందమ్మా. ఆలస్యమైంది, క్షమించండి," అన్నాడు.

మెరుగక్క అత్తగారి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా టైపు చేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ పేరు రాయవలసిన అవసరం ఆమెకు అదే మొదటిసారి వచ్చింది. కింద సంతకం గడిలో తన పేరు కొట్టింది.

అత్తగారు స్క్రీన్ దగ్గరగా వంగి చదువుకుంది. రెండోసారి చదువుకుంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, ఇక చాలన్నట్టు తల ఊపి, ఒడిలోని తరుగును ఒక్క రేణువు పోకుండా సంచిలోకి దులుపుకుంది.

"ఆ సబ్బు ఇలా ఇవ్వు బాబూ. రేపు బట్టలు ఉతకాలి."

"ఇవ్వనండి," అన్నాడు అధికారి. "అది అద్దాలపెట్టెలోకి వెళ్తుంది, కెటిల్ పక్కన."

ఆవిడ కోడలివంక తిరిగింది. "చూశావా? మొదట నా సబ్బుపెట్టె తీసుకున్నారు. ఇప్పుడు సబ్బు కూడా ఉంచేసుకున్నారు. ఇక ఇంటికెళ్లి ఆ కన్నుగీటేవాడికి నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మడు."